బిళ్లలు వేస్తూనే ఉన్నాం, అయినా పూల్ పచ్చబడింది (మొయినాబాద్, 30 వేల లీటర్లు, బోరు నీళ్లు)

మామిడితోట | జూన్ 14, ఉదయం 8:10

అందరికీ నమస్కారం. మొయినాబాద్ దగ్గర మా తోటలో చిన్న పూల్ ఉంది. పొడవు 20 అడుగులు, వెడల్పు 12, లోతు సగటున నాలుగున్నర. బోరు నీళ్లతో ఫిబ్రవరిలో నింపాం. మేం శని, ఆదివారాలే వస్తాం. మిగతా రోజుల్లో తోట చూసుకునే ఆయన రోజూ మూడు గంటలు మోటారు వేస్తారు. పూల్ కట్టినవాళ్లు చెప్పినట్టే 200 గ్రాముల క్లోరిన్ బిళ్లలు తేలే డబ్బాలో పెడుతున్నాం.

మే నెలాఖరు దాకా ఏ ఇబ్బందీ లేదు. జూన్ మొదటి వారంలో రెండు పెద్ద వానలు పడ్డాయి. తర్వాత మెట్ల మూలల్లో జారుడు మొదలైంది. నిన్న రాత్రి వచ్చి లైటు వేస్తే నీళ్లు గోంగూర ఉడికించిన రంగులో ఉన్నాయి. రెండో మెట్టు కనిపించడం లేదు. రెండు సీసాల టెస్ట్ కిట్‌లో క్లోరిన్ లేత పసుపు చూపిస్తోంది, 1 దగ్గర. పీహెచ్ ముదురు ఎరుపు, చార్టులో చివరి గడి. క్లోరిన్ ఉన్నట్టే చూపిస్తుంటే నాచు ఎలా పెరిగిందో అర్థం కావడం లేదు. వచ్చే వారం అన్నయ్య పిల్లలు వస్తున్నారు, టెన్షన్‌గా ఉంది.

గుట్టమీది ఇల్లు | జూన్ 14, ఉదయం 8:55

మాకూ ఇలాగే అయితే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేశాం అండీ. పావు కిలో బకెట్ నీళ్లలో కరిగించి పోస్తే మూడు రోజుల్లో పచ్చదనం పోయింది. దాంతోపాటు బిళ్లలు డబుల్ చేయండి.

రొయ్యల చెరువు | జూన్ 14, ఉదయం 9:30

మైలుతుత్తం వద్దు మేడమ్. మాది భీమవరం దగ్గర, చెరువుల్లో దాన్ని వాడిన అనుభవంతో చెబుతున్నాను. నీటి ఆల్కలినిటీని (పీహెచ్‌ని తేలిగ్గా మారనివ్వని క్షార గుణం) వందతో భాగిస్తే ఎంత వస్తుందో అంత పీపీఎం (లీటరుకి అన్ని మిల్లీగ్రాములు) వేయాలని మా లెక్క. ఆల్కలినిటీ చూడకుండా గుప్పెడు లెక్కన వేసి చెరువులు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. పైగా రాగి ఎక్కడికీ పోదు, నీళ్లలోనే ఉంటుంది. మీ బోరు నీళ్లలాంటి వాటిలో పీహెచ్ పెరిగితే అది టైల్స్ సందుల్లో నీలం మరకగా కూర్చుంటుంది.

ఇంకోటి అడుగుతాను. పీహెచ్ పొద్దున్నే ఒకసారి, సాయంత్రం 4కి ఒకసారి చూడగలరా? నాచు పగలంతా నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్‌ని లాగేస్తుంది, అందుకే సాయంత్రానికి పీహెచ్ ఎగబాకుతుంది. చెరువులో పొద్దున్న 7.8 ఉన్నది సాయంత్రం 8.6 అయితే ఆల్గే ఎక్కువైందని మాకు అర్థమైపోతుంది. మీ దగ్గర ఎంత తేడా వస్తోందో చూస్తే నాచు బలం తెలుస్తుంది.

కెమిస్ట్రీ మాష్టారు | జూన్ 14, ఉదయం 10:05

అమ్మా, బిళ్లలు డబుల్ చేయకండి. ఉన్నవి కూడా ఈ రోజే డబ్బాతో సహా బయటికి తీసేయండి. ఫిబ్రవరి నుంచి ఇప్పటిదాకా మొత్తం ఎన్ని వేశారో చెప్పగలరా? ఖాళీ బకెట్లు లెక్కపెట్టినా చాలు.

మామిడితోట | జూన్ 14, ఉదయం 10:40

బకెట్‌కి 5 కిలోలు. రెండు అయిపోయాయి, మూడోది నిన్నే తెరిచాం. అంటే 50 బిళ్లలు.

కెమిస్ట్రీ మాష్టారు | జూన్ 14, ఉదయం 11:30

అనుకున్నంతా అయింది. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఈ బిళ్లల పేరు టీసీసీఏ 90, అంటే ట్రైక్లోరో ఐసోసయనూరిక్ యాసిడ్. అందులో క్లోరిన్ ఒక్కటే లేదు, సయనూరిక్ యాసిడ్ కూడా ఉంది. మీ 30 వేల లీటర్లకి ఒక్కో 200 గ్రాముల బిళ్ల దాదాపు 6 పీపీఎం క్లోరిన్ ఇస్తుంది, దాంతోపాటు 3.6 పీపీఎం సయనూరిక్ యాసిడ్ కూడా కలుపుతుంది. క్లోరిన్ ఎండకీ, చెమటకీ, నాచుకీ ఖర్చయిపోతుంది. సయనూరిక్ ఖర్చవదు. నీళ్లు ఆవిరైనా అది పోదు, పైన మళ్లీ నీళ్లు నింపితే అంతే ఉంటుంది. 50 బిళ్లలంటే 180 పీపీఎం. బ్యాక్‌వాష్‌లో (ఫిల్టర్‌లోకి నీళ్లు ఎదురు తిప్పి కడగడంలో) కొంత పోయినా 150కి తగ్గదని నా అంచనా.

అది అసలు అక్కర్లేదని కాదు. మన ఎండలో సయనూరిక్ లేని క్లోరిన్ గంట తిరిగేలోపే సగం పోతుంది. 30 నుంచి 50 పీపీఎం ఉంటే అది క్లోరిన్‌ని ఎండ నుంచి కాపాడుతుంది. కానీ ఎక్కువైన కొద్దీ క్లోరిన్‌ని బీరువాలో పెట్టి తాళం వేసినట్టు పట్టేసుకుంటుంది. మీ కిట్ ఆ బీరువాలో ఉన్నదాన్ని కూడా కలిపి చూపిస్తుంది. అందుకే 1 కనిపిస్తోంది. నాచుని చంపే భాగం అందులో లేనట్టే లెక్క. సయనూరిక్ ఎంత ఉందో అందులో కనీసం 7.5 శాతం క్లోరిన్ ఎప్పుడూ ఉండాలి. మీకు 150 ఉంటే 11 పీపీఎం కావాలన్నమాట. మీరు 1 దగ్గర నడిపారు. ఎండాకాలమంతా అదృష్టం కొద్దీ నెట్టుకొచ్చింది, వాన దుమ్మూ ఆకులూ తెచ్చాక ఇక ఆగలేదు.

ముందు సయనూరిక్ టెస్ట్ చేయించండి. ఊహ మీద ఏదీ పోయొద్దు.

ప్లేనో నుంచి | జూన్ 14, రాత్రి 7:20

టెక్సాస్‌లో మా ఇంట్లో పూల్ ఉంది, పదకొండేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. మాష్టారు చెప్పింది అక్షరాలా మాకు జరిగింది. కొత్తలో షాపువాళ్లు ఇచ్చిన బిళ్లలే వాడి, రెండో వేసవికి సరిగ్గా ఇదే రంగు నీళ్లు చూశాను. షాక్ పౌడర్, ఆల్గేసైడ్, ఫాస్ఫేట్ రిమూవర్ అంటూ ఒకదాని తర్వాత ఒకటి కొనిపించారు. అవేవీ పని చేయలేదు. చివరికి నీళ్లు మార్చాకే దారికొచ్చింది.

సయనూరిక్ టెస్ట్‌లో ఒక మెలిక ఉంది అక్కా. పూల్ నీళ్లు, మందు సమానంగా కలిపితే పాల విరుగుడులా తెల్లబడుతుంది. దాన్ని అడుగున నల్లచుక్క ఉన్న సన్నటి గొట్టంలో కొద్దికొద్దిగా పోస్తూ పైనుంచి చూడాలి. చుక్క ఎక్కడ మాయమైతే అక్కడి అంకె. గొట్టం మీద గీతలు 100 దాకానే ఉంటాయి. అంతకన్నా ఎక్కువ ఉందని అనుమానమొస్తే సగం పూల్ నీళ్లు, సగం ఆర్‌ఓ నీళ్లు కలిపి టెస్ట్ చేసి, వచ్చిన అంకెని రెట్టింపు చేయండి. ఎండకి వీపు పెట్టి, గొట్టాన్ని నడుం దగ్గర పట్టుకుని చూడండి. చుక్క వంకే కళ్లప్పగించి చూస్తే అది లేకపోయినా ఉన్నట్టే అనిపిస్తుంది.

మామిడితోట | జూన్ 15, సాయంత్రం 6:15

కిట్ సిటీలో దొరికింది. సగం నీళ్లు కలిపి చేస్తే 75 దగ్గర చుక్క పోయింది. రెట్టిస్తే 150. మాష్టారూ, మీ లెక్క చూసి మా ఆయన ఆశ్చర్యపోయారు.

పీహెచ్ పొద్దున 7.8, సాయంత్రం 8.4. బోరు నీళ్లు కూడా టెస్ట్ చేశాను: ఆల్కలినిటీ 340, హార్డ్‌నెస్ 520. ఇప్పుడు ఏం చేయమంటారు? సయనూరిక్‌ని విరిచే మందు ఏదైనా ఉందా?

పూల్ పని 14 ఏళ్లు | జూన్ 15, రాత్రి 9:00

మేడమ్, నమ్మి పోసుకునే మందు ఏదీ లేదు. నీళ్లు తీయాల్సిందే. మూడింట రెండొంతులు తీసి కొత్త నీళ్లు పోస్తే 50కి వస్తుంది.

పూర్తిగా మాత్రం ఖాళీ చేయొద్దు. వానలు మొదలైనాయి. నేలలో నీళ్లు పైకొచ్చినప్పుడు పూల్ ఖాళీగా ఉంటే కింద నుంచి నీటి ఒత్తిడికి అడుగు పగులుతుంది, ఫైబర్ పూల్ అయితే ఏకంగా పైకి లేస్తుంది. అడుగున అడుగున్నర నీళ్లు ఉంచండి.

నీళ్లు తీసేటప్పుడే అడుగున కూర్చున్న మడ్డి కూడా తీసేయండి. ఫిల్టర్ దగ్గర నీళ్లు ఎటు పోవాలో మార్చే మల్టీపోర్ట్ వాల్వ్‌ని వేస్ట్ మీద పెట్టి వాక్యూమ్ చేస్తే అది ఫిల్టర్‌లోకి వెళ్లకుండా నేరుగా బయటికి పోతుంది. హ్యాండిల్ తిప్పే ముందు మోటారు ఆపాలి. నడుస్తుండగా తిప్పితే లోపల గ్యాస్కెట్ చిరుగుతుంది, ఆ తర్వాత బ్యాక్‌వాష్ పైపులోంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. నేను చూసిన వాల్వ్ కంప్లయింట్లలో సగం ఇవే.

రొయ్యల చెరువు | జూన్ 16, ఉదయం 6:40

తీసిన నీళ్లు వాగులోకో పక్కవాళ్ల కుంటలోకో వదలొద్దు మేడమ్. క్లోరిన్ సున్నాకి వచ్చిందని చూసుకుని ఖాళీ నేలలో మెల్లగా ఇంకనివ్వండి. చేపలకి, కప్పలకి 1 పీపీఎం క్లోరిన్ కూడా ఎక్కువే.

గుట్టమీది ఇల్లు | జూన్ 16, ఉదయం 7:30

20 వేల లీటర్లంటే నాలుగు ట్యాంకర్లు. బ్లీచింగ్ ఎక్కువ వేసి చూడొచ్చు కదా? నీళ్లు పారబోయడం నాకెందుకో మనసొప్పడం లేదు.

కెమిస్ట్రీ మాష్టారు | జూన్ 16, ఉదయం 8:20

మీ బాధ న్యాయమైనదే, నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ లెక్క చూడండి. ముదిరిన నాచుని చంపాలంటే సయనూరిక్‌లో 40 శాతం క్లోరిన్ పట్టి ఉంచాలి. 150కి 60 పీపీఎం. అదీ ఒకసారి పోసి వదిలేస్తే కుదరదు, రోజుల తరబడి నిలపాలి. నీళ్లు మార్చి 50కి తెస్తే 20 సరిపోతుంది. పైగా ఆ 60 పోసి గెలిచినా సయనూరిక్ 150 అలాగే ఉంటుంది, నెలలో మళ్లీ మొదటికే.

బ్లీచింగ్ పౌడర్ మీ నీళ్లకి అసలే నప్పదు. అందులో ఉండేది కాల్షియం. అది హార్డ్‌నెస్‌ని పెంచుతుంది, బోరు నీళ్లలో ఇప్పటికే 520 ఉంది. మామూలు బ్లీచింగ్‌లో కరగని సున్నం కూడా ఉంటుంది, నీళ్లు పాలలా అవుతాయి, టైల్స్ మీద తెల్ల పొర కడుతుంది. మీకు కావలసింది లిక్విడ్, సోడియం హైపోక్లోరైట్, అదే హైపో. 10 శాతం ఉన్నదైతే మీ పూల్‌లో 1 పీపీఎం పెంచడానికి 300 మిల్లీలీటర్లు. 20 పీపీఎంకి 6 లీటర్లు. ఎండలో పెట్టిన క్యాన్‌లో బలం త్వరగా తగ్గిపోతుంది కాబట్టి ఈ మధ్య తయారైనది చూసి తెచ్చుకోండి.

అట్లాంటా తూర్పు | జూన్ 16, ఉదయం 9:10

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మిగిలిన బిళ్లల బకెట్ ఎక్కడ పెట్టారు?

మామిడితోట | జూన్ 16, ఉదయం 9:25

పంప్ రూమ్‌లోనే. యాసిడ్ క్యాన్ పక్కన. ఎందుకండీ?

అట్లాంటా తూర్పు | జూన్ 16, ఉదయం 9:50

దయచేసి ఈ రోజే తీయించండి. 2024 సెప్టెంబర్ 29న ఇక్కడ అమెరికాలో అట్లాంటా దగ్గరి కాన్యర్స్‌లో పూల్ కెమికల్స్ నిల్వచేసే ప్లాంట్‌లో తెల్లవారుజామున మంటలొచ్చాయి. స్ప్రింక్లర్ల నీళ్లు ఇలాంటి పూల్ రసాయనాల మీద పడి క్లోరిన్ పొగ లేచిందని అధికారులు చెప్పారు. దాదాపు 17 వేల మందిని ఇళ్లు ఖాళీ చేయించారు, 90 వేల మందిని తలుపులు వేసుకుని లోపలే ఉండమన్నారు. హైవే మూసేశారు. మేం కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కుకుని కూర్చున్నాం. ఆ ఘాటు ఇంకా గుర్తుంది.

నిండా నీళ్లున్న పూల్‌లో బిళ్ల వేస్తే ఏమీ కాదు. కొద్దిగా తడిసిన బకెట్ ప్రమాదం. పంప్ రూమ్‌లో ఎప్పుడూ ఏదో ఒక జాయింట్ కారుతూనే ఉంటుంది కదా. యాసిడ్ ఆవిర్లు తగిలినా మంచిది కాదు. రెండూ వేర్వేరు చోట్ల, పొడిగా, గాలి ఆడేచోట, పిల్లలకి అందనంత ఎత్తులో పెట్టండి.

పూల్ పని 14 ఏళ్లు | జూన్ 16, ఉదయం 10:30

అన్న చెప్పింది నిజం. నా దగ్గర పనిచేసే కుర్రాడు బిళ్లల పొడి అంటిన మగ్గుతోనే బ్లీచింగ్ తోడాడు. మగ్గులోంచి భగ్గున పొగొచ్చింది. వాడు మగ్గు పారేసి పరుగెత్తాడు కాబట్టి కళ్లు దక్కాయి. అప్పటి నుంచి దేనికి దానికి వేరే రంగు మగ్గు. ఎప్పుడైనా మందుని నీళ్లలో పోయాలి, మందు మీద నీళ్లు పోయకూడదు. యాసిడ్, హైపో ఒకే రోజు పోయాల్సి వస్తే మోటారు నడుస్తుండగా, మధ్యలో గంటల తేడా ఉంచండి.

మామిడితోట | జూన్ 16, ఉదయం 11:15

ఫోన్ చేసి తీయించాను. బకెట్ మూత మీద నిజంగానే తడి ఉందట. చాలా థ్యాంక్స్ అండీ.

మామిడితోట | జూన్ 21, రాత్రి 8:30

నీళ్లు తీసి, గోడలు బ్రష్ చేసి, సగం బోరు, సగం ట్యాంకర్లతో నింపాం. సయనూరిక్ 50. ఆల్కలినిటీ 250. పీహెచ్ 8.2. నీళ్లు ఇంకా లేత పచ్చగానే ఉన్నాయి, అడుగు మసక. ఈ వారం ఇక్కడి నుంచే ఆఫీసు పని చేస్తాను.

కెమిస్ట్రీ మాష్టారు | జూన్ 21, రాత్రి 9:15

బాగుంది. మొదట పీహెచ్‌ని 7.2కి తెండి, ఆ తర్వాతే క్లోరిన్. ఎందుకంటే క్లోరిన్ 10 దాటాక పీహెచ్ టెస్ట్ మందు రంగు తప్పుగా చూపిస్తుంది, దాన్ని నమ్మి యాసిడ్ పోస్తే మొదటికే మోసం. బాత్రూమ్ క్లీనర్ వద్దు, రంగూ సబ్బూ లేని హైడ్రోక్లోరిక్ యాసిడ్ తీసుకోండి. అరలీటరు చొప్పున, నీళ్లు తిరిగి వచ్చే పైపు ముందు, గాలి వాలు చూసుకుని పోయండి. గ్లవ్స్, కళ్లజోడు తప్పనిసరి. 33 శాతం యాసిడ్ అరలీటరుకి మీ పూల్‌లో ఆల్కలినిటీ 9 దాకా తగ్గుతుంది. దాన్ని ఒక్కరోజులో 80కి తేవాలని చూడకండి, ఆ పని నెల రోజులు సాగనివ్వండి.

రేపు సాయంత్రం పొద్దు వాలాక 6 లీటర్ల హైపో. మీ కొత్త కిట్‌లోని డీపీడీ టెస్ట్‌లో (క్లోరిన్‌ని గులాబీ రంగుతో చూపేది) 20 కనిపించదు, ఆ రంగు వచ్చి వెంటనే తెల్లబడిపోతుంది. దాన్ని చూసి క్లోరిన్ లేదనుకుని ఇంకా పోసేవాళ్లు చాలామంది. 10 మిల్లీలీటర్ల పూల్ నీళ్లకి 90 ఆర్‌ఓ నీళ్లు కలిపి టెస్ట్ చేసి పదితో గుణించండి.

ప్లేనో నుంచి | జూన్ 21, రాత్రి 10:40

మోటారు ఇక 24 గంటలూ ఆడాలి. పచ్చదనం పోయి తెల్లబడితే నాచు చచ్చిందని అర్థం, ఆ చచ్చినదాన్ని తీయాల్సింది ఫిల్టరే. రోజుకి రెండుసార్లు బ్రష్. అందరూ మర్చిపోయేది నీళ్లలోని లైటు వెనక భాగం అక్కా. స్క్రూ తీసి లైటుని బయటికి లాగి చూడండి. కరెంట్ మెయిన్ ఆపి మాత్రమే.

మామిడితోట | జూన్ 24, ఉదయం 7:05

22 సాయంత్రం 20కి తెచ్చాను. 23 తెల్లవారేసరికి 11. మళ్లీ పోశాను. ఈ రోజు పొద్దున 15. నీళ్లు పచ్చ నుంచి నీలం కలిసిన పాల రంగుకి మారాయి. ఒత్తిడి చూపే ఫిల్టర్ గేజ్ 10 దగ్గర ఉండేది, ఆరేడు గంటలకే 13కి వస్తోంది, రోజుకి మూడుసార్లు బ్యాక్‌వాష్.

లైటు తీయించాను. వెనక గుండ్రటి గూడులో అరంగుళం మందాన పచ్చటి జిగురు. తోట చూసుకునే ఆయన బ్రష్ పెట్టగానే మబ్బులా బయటికి వచ్చింది. అన్ని నెలలూ నాచు అక్కడే తలదాచుకుందన్నమాట. నిచ్చెన రబ్బరు కాళ్ల లోపల కూడా ఉంది.

పటిక వేస్తే నీళ్లు తొందరగా తేటపడతాయని ఇక్కడ ఒకాయన అంటున్నారు. వేయనా?

పూల్ పని 14 ఏళ్లు | జూన్ 24, ఉదయం 8:00

వద్దు మేడమ్. పటిక వేస్తే మోటారు ఆపి అంతా అడుగున కూర్చోనిచ్చి, వేస్ట్ మీద వాక్యూమ్ చేయాలి. మళ్లీ రెండు మూడు వేల లీటర్లు పోతాయి. మోటారు నడుస్తుండగా పడితే ఫిల్టర్‌లోని ఇసుక గడ్డకడుతుంది. గేజ్ పెరుగుతోందంటే మీ ఫిల్టర్ పని చేస్తోంది. దాన్ని చేసుకోనివ్వండి.

మామిడితోట | జూన్ 27, ఉదయం 6:50

రాత్రి 20, పొద్దున 19.5. అడుగున మెయిన్ డ్రెయిన్ జాలీలోని చిన్న చిన్న గళ్లు కూడా కనిపిస్తున్నాయి. నాలుగు నెలల్లో వాటిని ఇంత స్పష్టంగా నేనెప్పుడూ చూడలేదు. పిల్లలు నిన్ననే వచ్చారు, గట్టు మీద కూర్చుని ఎప్పుడు దిగాలని అడుగుతున్నారు.

కెమిస్ట్రీ మాష్టారు | జూన్ 27, ఉదయం 7:30

చాలా సంతోషం అమ్మా. రాత్రంతా ఎండ లేకుండా 1 లోపే తగ్గిందంటే క్లోరిన్‌ని తినేది నీళ్లలో ఇంకేమీ మిగల్లేదు. ఇక పోయడం ఆపండి, ఎండకి అదే దిగుతుంది. 5కి వచ్చాక, పీహెచ్ మళ్లీ చూసుకుని దిగనివ్వండి. అడుగు కనిపించని నీళ్లలో పిల్లల్ని ఇన్నాళ్లూ దించకపోవడం అన్నిటికన్నా మంచి పని. మునిగిన బిడ్డ ఆ నీళ్లలో కనపడడు.

మామిడితోట | ఆగస్టు 3, సాయంత్రం 5:20

ఐదు వారాలైంది, చెప్పాలనిపించింది. బిళ్లలు ఆపేశాం. రోజూ పొద్దు వాలాక తోట చూసుకునే ఆయన 900 మిల్లీలీటర్ల హైపో పోస్తారు, అంటే 3 పీపీఎం. వానల రోజుల్లో 600 చాలుతోంది. మోటారు ఆరు గంటలు. పంప్ రూమ్ తలుపుకి ఒక నోట్‌బుక్ వేలాడదీశాం. తేదీ, క్లోరిన్, పీహెచ్, గేజ్, వాన పడిందా లేదా. ఆయన భార్యే రంగులు పోల్చి రాస్తుంది. మాకన్నా ఆవిడ చూపు కచ్చితం, 7.4కీ 7.6కీ తేడా ఇట్టే చెప్పేస్తుంది.

ఈ రోజు రీడింగులు: క్లోరిన్ 4, పీహెచ్ 7.4, ఆల్కలినిటీ 90. వానకి పొంగి పోయిన నీళ్లతో సయనూరిక్ 40కి దిగింది. మామిడి చెట్లకి వేసిన ఎరువు వాన నీటితో పూల్ వైపు రాకుండా చిన్న కాలువ తీయించాం, రొయ్యల చెరువు గారు విడిగా మెసేజ్‌లో చెప్పిన మాట అది.

కొత్తగా చేరాను | ఆగస్టు 3, రాత్రి 9:45

మొత్తం చదివానండీ. మాది శంకర్‌పల్లి, 18 వేల లీటర్లు. ఏడాదిన్నరగా బిళ్లలే. ఇంకా పచ్చబడలేదు కానీ మెట్లు జారుతున్నాయి. హైపో ఎంత పోయాలి?

కెమిస్ట్రీ మాష్టారు | ఆగస్టు 3, రాత్రి 10:10

10 శాతం హైపో అయితే మీ నీళ్లకి 180 మిల్లీలీటర్లు 1 పీపీఎం ఇస్తుంది. ఈ రాత్రికి మాత్రం ఏమీ పోయకండి. బిళ్లల డబ్బా బయటికి తీసి, రేపు వెలుతురులో సయనూరిక్ టెస్ట్ చేయండి. సగం ఆర్‌ఓ నీళ్లు కలిపి చేయడం మర్చిపోవద్దు. అంకె ఇక్కడ పెట్టండి, అప్పుడు చూద్దాం.